గ్రహణి అడిగిన ప్రశ్న, చలిజ్వరానికి దొరికిన జవాబు

భీమవరం నుంచి బోస్టన్ మీదుగా బిలాస్‌పూర్ దాకా ఫోలిక్ ఆమ్లం కథ

ఛత్తీస్‌గఢ్‌లో ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తను మితానిన్ అంటారు. దేశంలో ఆశా కార్యకర్తలు రావడానికి మూడేళ్ల ముందే, 2002లో, ఆ రాష్ట్రం ఈ ఏర్పాటు మొదలుపెట్టింది. బిలాస్‌పూర్‌లోని కుదుదండ్ లాంటి పేటలోనైనా, అచానక్‌మార్ అడవి అంచు పల్లెలోనైనా ఆమె చేతుల మీదుగా ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మందుల్లో రెండింటి పుట్టుక గురించి తెలుగువాళ్లు తప్పకుండా తెలుసుకోవాలి.

మొదటిది గర్భిణులకు, బాలింతలకు, బడిపిల్లలకు ఇచ్చే ఐరన్-ఫోలిక్ ఆమ్లం మాత్ర. రెండోది ఫాల్సిపారం మలేరియా అని తేలినవాళ్లకు ఇచ్చే మందుల పట్టీ. అందులో మూడు రోజులు వేసుకోవాల్సిన ఆర్టెసునేట్ మాత్రలు, మొదటి రోజే మింగాల్సిన సల్ఫాడాక్సిన్-పైరిమెథమైన్ ఉంటాయి. మొదటి మాత్ర మనిషి ఒంటికి ఫోలిక్ ఆమ్లం అందిస్తుంది. రెండోది మలేరియా క్రిమికి అదే పోషకం దక్కకుండా చేస్తుంది. ఒకటి పెట్టే చెయ్యి, మరొకటి ఆపే చెయ్యి. ఫోలిక్ ఆమ్లం ఎలా ఉంటుందో, ఏ ముక్కలు కలిస్తే తయారవుతుందో మనిషికి తెలిశాకే ఈ రెండు దారులూ తేటపడ్డాయి. ఆ సంగతి తేల్చిన బృందాన్ని నడిపినవారు భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. ఆయనను ఆ దారి పట్టించింది గ్రహణి వ్యాధి.

రైలుతోపాటు జ్వరం

బిలాస్‌పూర్‌కీ తెలుగువారికీ బంధం రైలు కలిపినది. 1887లో ఏర్పడ్డ బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, 1891 నాటికి నాగ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా అసన్‌సోల్ దాకా పట్టాలు వేసింది. 1931లో రాయ్‌పూర్-విజయనగరం మార్గం పూర్తయ్యింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి రైలు కొలువులకు వెళ్లిన కుటుంబాలు తరాలుగా అక్కడే స్థిరపడ్డాయి. 2003 నుంచి బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం.

ఈ రైలు మార్గాలు పోయేదంతా మలేరియా సీమే. ఉత్తరాంధ్రలో మన్యం జ్వరం అంటే జనానికి ఎంత హడలో, జయపురం కొండల్లోనూ సాత్పురా అడవుల్లోనూ అంతే హడల్. కట్ట పోయడానికి మట్టి తవ్వితే గుంటలు పడతాయి. వాటిలో వాననీరు నిలిస్తే దోమ పెరుగుతుంది. పక్కనే గుడిసెలు వేసుకున్న కూలీలకు, గ్యాంగ్‌మన్లకు, స్టేషన్ సిబ్బందికి జ్వరం తగులుతుంది. అందుకే ఆ రైల్వే కంపెనీ ప్రత్యేకంగా మలేరియా నిపుణుణ్ని నియమించుకుంది. ఆయన పేరు రొనాల్డ్ సీనియర్-వైట్. భారతీయ రైల్వేలపై మలేరియా ప్రభావాన్ని గురించి ఆయన రాసిన అధ్యయనం 1928లో వెలువడింది. ఏ జాతి దోమ ఎక్కడ పెరుగుతుందో, ఏ రుతువులో మనిషిని కుడుతుందో పట్టాల వెంట తిరిగి నమోదు చేసిన తొలి తరం శాస్త్రవేత్తల్లో ఆయన ఒకరు.

దోమకీ మలేరియాకీ లంకె దొరికింది కూడా తెలుగు నేల మీదే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్, హుస్సేన్ ఖాన్ అనే రోగిని కుట్టిన అనాఫిలిస్ దోమను కోసి, దాని కడుపు గోడలో మలేరియా క్రిమి పెరుగుతున్న కణాలను చూశారు. ఆ పరిశోధనకు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. జ్వరం ఎలా వస్తుందో తెలిసింది కానీ, క్వినైన్ తప్ప దాన్ని తగ్గించే మందు మాత్రం అప్పటికి చేతిలో లేదు.

తిన్నది ఒంటపట్టని రోగం

సుబ్బారావు 1895 జనవరి 12న పుట్టారు. పేదరికం, తండ్రి మరణం, మెట్రిక్యులేషన్ గట్టెక్కడానికి మూడు ప్రయత్నాలు, ఇవన్నీ దాటుకుని మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. గాంధీజీ పిలుపు విని ఖద్దరు దుస్తుల్లో శస్త్రచికిత్స గదికి వెళ్లారు. అది ఆంగ్ల ఆచార్యుడికి నచ్చలేదు. ఫలితంగా ఎంబీబీఎస్ బదులు అంతకన్నా తక్కువ స్థాయి ఎల్ఎంఎస్ పట్టా చేతికొచ్చింది.

ఆ యౌవనంలోనే ఆయన ఇద్దరు అన్నదమ్ములను కొద్ది రోజుల తేడాతో పోగొట్టుకున్నారు. ఇద్దరినీ బలిగొన్నది స్ప్రూ. ఆయుర్వేదం గ్రహణిగా వర్ణించిన లక్షణాలే దీనివీ. పేగు లోపలి పొర దెబ్బతిని, తిన్నది ఒంటపట్టదు. నెలల తరబడి నీళ్ల విరేచనాలవుతాయి, నాలుక పూసి మంటపుడుతుంది, రక్తం పాలిపోతుంది. కంచం నిండా అన్నం ఉన్నా మనిషి ఎండిపోతాడు. సుబ్బారావుకూ అదే జబ్బు చేసింది. మద్రాసులో ఆయుర్వేద వైద్యం ఆయన్ను కాపాడింది. ఆ తర్వాత ఆచంట లక్ష్మీపతి నడిపిన ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించారు. బతికి బయటపడ్డవాడికి ఒక ప్రశ్న మిగిలింది. ఈ రోగంలో ఒంటికి అందకుండా పోతున్నది ఏమిటి?

ఆ ప్రశ్నతో, మామగారి సాయంతో, మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధి ఆసరాతో 1920ల మొదట్లో ఆయన బోస్టన్ చేరారు. గర్భిణిగా ఉన్న భార్య శేషగిరిని ఇంటి దగ్గర వదిలి వెళ్లారు. పుట్టిన కొడుకును ఆయన కళ్లజూడనే లేదు. ఆ పసివాడు జబ్బుచేసి కన్నుమూశాడు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల చదువు సాగిస్తూ, పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడిగే పని చేశారు.

అక్కడే సైరస్ ఫిస్క్ ప్రయోగశాలలో చేరి, 1925లో రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ఇద్దరూ ప్రకటించారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతిగా జీవరసాయన విద్యార్థులు నేటికీ చదివేది అదే. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ. కండరం కదలడానికి శక్తినిచ్చే అణువుల జాడ అలా వెలుగులోకి వచ్చింది. ఇంత జరిగినా హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వత ఉద్యోగం దొరకలేదు.

కాలేయంలోంచి వెలికివచ్చిన పోషకం

గ్రహణి ప్రశ్నను ఆయన మరిచిపోలేదు. కాలేయం తినిపిస్తే కొన్ని రకాల రక్తహీనత తగ్గుతుందని 1926లో బోస్టన్ వైద్యులు మైనట్, మర్ఫీ చూపించారు. బొంబాయిలో మిల్లు కార్మిక స్త్రీలను పరీక్షించిన లూసీ విల్స్, ఈస్ట్ సారం వాడితే గర్భిణుల రక్తహీనత కుదురుతోందని 1931లో రాశారు. కాలేయంలోనూ, ఈస్ట్‌లోనూ ఉన్న ఆ పదార్థం ఏమిటి? 1941లో టెక్సాస్ శాస్త్రవేత్తలు టన్నుల కొద్దీ పాలకూర నుంచి ఒక పదార్థాన్ని వేరు చేసి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. కానీ రోగులకు ఇవ్వడానికి సరిపడా తయారుచేయడం ఎవరి చేతా కాలేదు.

సుబ్బారావు 1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలల్లో చేరి, తర్వాత పరిశోధన విభాగానికి డైరెక్టర్ అయ్యారు. ఆయన కూడగట్టిన రసాయన శాస్త్రవేత్తల బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆ అణువులో మూడు భాగాలున్నాయని తేలింది. ఒకటి టెరిడిన్, రెండోది పారా అమినో బెంజోయిక్ ఆమ్లం, మూడోది గ్లుటామిక్ ఆమ్లం.

వెంటనే అమెరికా వైద్యులు స్ప్రూ రోగులకు దాన్ని ఇచ్చి చూశారు. పాలిపోయిన రక్తం కోలుకుంది, నాలుక మంట తగ్గింది, ఆకలి తిరిగివచ్చింది. సుబ్బారావు అన్నదమ్ములకు దొరకని మందు పాతికేళ్ల తర్వాత సుబ్బారావు చేతుల మీదుగానే లోకానికి దక్కింది. ఆయన రప్పించుకున్న వృద్ధ వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీసిన ఆరియోమైసిన్ 1948లో వెలువడింది. టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌ల కుటుంబంలో అదే మొదటిది. ఇవాళ వైద్యులు ఉష్ణమండల స్ప్రూకు రాసిచ్చేది ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్, మూడు నుంచి ఆరు నెలలు. ఆ చికిత్సలోని రెండు మందుల మూలమూ ఒకే ప్రయోగశాలలో ఉంది. అదే కుటుంబంలోని డాక్సీసైక్లిన్‌ను మలేరియా ప్రాంతాలకు కొద్దికాలానికి వెళ్లేవాళ్లు ముందుజాగ్రత్తగా వాడతారు.

తోటి విద్యార్థి తీసుకున్న మలుపు

ఫోలిక్ ఆమ్లం లేకపోతే కణం కొత్త డీఎన్ఏ తయారుచేసుకోలేదు. విభజన ఆగిపోతుంది. అలాంటప్పుడు, దాన్ని పోలి ఉండి పని మాత్రం చేయని అణువును ఇస్తే అదుపుతప్పి పెరిగే కణాలు ఆగవా? ఈ ఆలోచనతో లెడర్లీలో తయారైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లలకు ఇచ్చారు. 16 మందిలో 10 మందికి కొంతకాలం ఉపశమనం కలిగిందని 1948 జూన్‌లో ప్రకటించారు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు నిద్రలో కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 53 ఏళ్లు.

కథ అక్కడితో ఆగలేదు. హార్వర్డ్‌లో అదే ఫిస్క్ దగ్గర పరిశోధన చేసి 1933లో డాక్టరేట్ పొందిన జార్జ్ హిచింగ్స్, న్యూయార్క్ దగ్గర్లోనే టకహోలో బరోస్ వెల్కమ్ కంపెనీలో పనిచేస్తున్నారు. ఫిస్క్ అసూయ వల్ల సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాలు వెలుగు చూడలేదనీ, వాటిని ఇతరులు మళ్లీ కనిపెట్టాల్సి వచ్చిందనీ తర్వాతి కాలంలో చెప్పింది ఈయనే. హిచింగ్స్, గెర్ట్రూడ్ ఎలియన్, ఎల్విరా ఫాల్కో బృందం తయారుచేసిన కొన్ని అణువులు ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడుతున్నాయని సూక్ష్మజీవుల మీద పరీక్షల్లో తేలింది. యుద్ధకాలంలో ఇంగ్లండ్‌లో పుట్టిన ప్రోగ్వానిల్ అనే మలేరియా మందుకూ వాటికీ పోలిక ఉందని వాళ్లు గమనించారు. అలా 1950ల ఆరంభంలో వచ్చిన మందు పైరిమెథమైన్. హిచింగ్స్, ఎలియన్‌లు 1988లో నోబెల్ పంచుకున్నారు.

అది క్రిమిని ఎలా చంపుతుంది? మనం ఫోలిక్ ఆమ్లాన్ని ఆకుకూరల నుంచీ పప్పుల నుంచీ పొందుతాం, సొంతంగా తయారుచేసుకోలేం. మలేరియా క్రిమి మాత్రం పై మూడు ముక్కలనూ కలిపి సొంతంగా తయారుచేసుకోగలదు. సల్ఫాడాక్సిన్ పారా అమినో బెంజోయిక్ ఆమ్లంలా నటించి ఆ తయారీని మొదట్లోనే ఆపుతుంది. పైరిమెథమైన్ తర్వాతి మెట్టులో, ఫోలిక్ ఆమ్లాన్ని పనికొచ్చే రూపానికి మార్చే ఎంజైమును పట్టుకుంటుంది. ఆ ఎంజైము మనలోనూ ఉంది. అయితే ఈ మందు క్రిమి ఎంజైమును పట్టుకున్నంత గట్టిగా మన ఎంజైమును పట్టుకోదు. ఒకే దారిని రెండు చోట్ల మూసే ఈ ఉపాయంతోనే, ఒకప్పుడు విరేచనాలకు ఇంటింటా వాడిన సెప్ట్రాన్ కూడా పనిచేసేది.

పెట్టే చెయ్యికీ ఆపే చెయ్యికీ ఒక్కోసారి పోటీ పడుతుంది. ఫోలిక్ ఆమ్లం రోజుకు 5 మిల్లీగ్రాముల చొప్పున ఇస్తే సల్ఫాడాక్సిన్-పైరిమెథమైన్ బలం తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తోంది. ఛత్తీస్‌గఢ్‌లో సికిల్ సెల్ వ్యాధి ఎక్కువ. ఆ రోగులు ఫోలిక్ ఆమ్లం నిత్యం వాడతారు. వాళ్లకు మలేరియా వస్తే రెండు మందుల లెక్కా తెలిసిన వైద్యుడే చూడాలి.

మందు అరిగిపోతోంది

పైరిమెథమైన్ ఒంటరిగా వచ్చిన కొన్నేళ్లకే క్రిమి దాన్ని ఎదిరించడం నేర్చుకుంది. అది పట్టుకునే ఎంజైములో 108వ స్థానంలో ఒక అమినో ఆమ్లం మారితే చాలు, పట్టు సడలుతుంది. 51, 59 స్థానాలు కూడా మారితే మందు దాదాపు పనికిరాదు. సల్ఫాడాక్సిన్ జతచేసినా, ఆర్టెసునేట్ తోడిచ్చినా ఈ మార్పులు ఆగలేదు. మన ఈశాన్య రాష్ట్రాల్లో ఈ జోడీ విఫలమవుతున్నందున 2013 జాతీయ విధానం అక్కడ ఆర్టెమెథర్-లూమెఫాంట్రిన్‌కు మారింది. మిగతా దేశంలో, ఛత్తీస్‌గఢ్ సహా, పాత జోడీనే నిలిపింది.

కొత్త అణువులు రాకపోలేదు. మొండి క్రిమి ఎంజైము ఆకారాన్ని చూసి దానికి సరిపోయేలా థాయ్‌లాండ్ శాస్త్రవేత్తలు మలిచిన పీ218 వివరాలు 2012లో వెలువడ్డాయి. ఇది సుబ్బారావు బృందం చూపిన ఫోలిక్ ఆమ్లం దారిలోదే. అదే ఏడాది ఆర్టెరోలేన్ భారతదేశంలో మార్కెట్‌లోకి వచ్చింది. వైవాక్స్ అనే మరో రకం మలేరియా కాలేయంలో దాక్కుని తిరగబెట్టకుండా ఆపే టాఫెనోక్విన్‌కు 2018లో అమెరికా అనుమతి ఇచ్చింది. గానాప్లాసైడ్ చివరి దశ పరీక్షలు ఆఫ్రికాలో జరిగాయి.

వీటిలో ఏది వచ్చినా, రోగి గడప దాకా వెళ్లి పరీక్ష చేసి మందు మింగించే మనుషులు ఉండాలి. బిలాస్‌పూర్ దగ్గర గనియారీలో జన స్వాస్థ్య సహయోగ్ అనే వైద్యబృందం, అడవి ఊళ్లలో తీసిన రక్తపు స్లైడ్లను బస్సుల్లో తెప్పించి ఫలితాలను బస్సుల్లోనే తిప్పి పంపే పద్ధతి నడిపింది. పల్లెకు సూక్ష్మదర్శిని వెళ్లలేకపోతే రక్తపు చుక్కే దాని దగ్గరకు రావాలన్న ఆ ఆలోచన ఏ కొత్త మందుకూ తీసిపోదు.

బిలాస్‌పూర్‌లో వైద్య కళాశాల ఉంది, గురు ఘాసీదాస్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది, రైల్వే ఆసుపత్రి ఉంది. ఆ చుట్టుపక్కల ఫాల్సిపారంలో ఏ మార్పులు పెరుగుతున్నాయో ఏటేటా పరీక్షించి ప్రజలకు చెప్పే పని అక్కడే జరగాలి. మందు విఫలమయ్యాక తెలుసుకోవడం ఈశాన్యానికి ఖరీదైంది. జ్వరం వస్తే ఆ రోజే పరీక్ష చేయించుకోవడం, జ్వరం తగ్గినా మూడు రోజుల మాత్రలూ పూర్తిచేయడం ప్రతి ఇంటి వంతు. పేదల రోగాల మూలాలు వెతికే పరిశోధనకు లాభం లెక్కచూడకుండా డబ్బు పెట్టడం ప్రభుత్వాల వంతు. గ్రహణి కోసం చేసిన వెతుకులాట రక్తహీనతకు, క్యాన్సర్‌కు, మలేరియాకు మందులిచ్చింది. అలాంటి వెతుకులాట మళ్లీ సాగాలంటే ఇంతకుమించిన రుజువు ఎవరు అడగాలి?