కరాచీ–మద్రాసు విమాన టపా: దూరం, కాలం

రెండు విమానాశ్రయాల మధ్య దూరాన్ని భూగోళపు ఉపరితలం మీద వాటిని కలిపే అతి పొట్టి దారిని బట్టి లెక్కిస్తారు; భూకేంద్రమే కేంద్రంగా గీసిన వృత్తంలో ఆ దారి ఒక భాగం కాబట్టి దాన్ని మహావృత్త దూరమంటారు. ఈ లెక్కన కరాచీ, మద్రాసుల మధ్య దూరం సుమారు 1,900 కిలోమీటర్లు. 1932లో టాటాల విమాన టపా మొదలైన నాడు ఎంత దూరమో నేడూ అంతే గాని, ప్రయాణానికి పట్టే కాలాన్ని విమాన వేగంతో పాటు పెట్రోలు ట్యాంకు పరిమాణం, పగటి వెలుతురు, దిగడానికి దొరికే గట్టి నేల కూడా శాసించేవని ఆ టపా చరిత్ర చెబుతుంది.

1929లో ఇంపీరియల్ ఎయిర్‌వేస్ లండన్ టపాను కరాచీ దాకా తీసుకురాగా, అక్కడి నుంచి దక్షిణాదికి విమానం నడపాలన్న ఆలోచనను వైమానిక దళంలో పనిచేసిన నెవిల్ విన్సెంట్ టాటా సంస్థ ముందుంచాడు. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా ఒంటి ఇంజను పుస్ మాత్ విమానంలో టపా సంచులతో కరాచీలోని డ్రిగ్ రోడ్డు నుంచి ఉదయం బయలుదేరి, అహ్మదాబాదులో ఎడ్లబండి మీద డబ్బాల్లో తెచ్చిన పెట్రోలు నింపించుకుని, మధ్యాహ్నానికి బొంబాయిలోని జుహూలో దిగాడు. అక్కడ టపా అందుకున్న విన్సెంట్ రాత్రికి బళ్లారిలో ఆగి, మర్నాడు మద్రాసు చేరాడు.

మజిలీల మీదుగా లెక్కిస్తే ఈ దారి సుమారు 2,075 కిలోమీటర్లు. గంటకు దాదాపు 160 కిలోమీటర్ల వేగంతో పోయే పుస్ మాత్ గాలిలో ఉండవలసింది పదమూడు గంటలే అయినా, రేడియో గాని రన్‌వే దీపాలు గాని లేని ఆ రోజుల్లో చీకట్లో ఎగరడం కుదరదు కాబట్టి ప్రయాణం రెండు రోజులకు సాగింది. జుహూ నేల వానాకాలంలో నీట మునిగేది గనుక ఆ నెలల్లో విమానాలు పూనా నుంచి నడిచేవి. విమానం నిలిచిన చోటు నుంచి కదిలి గమ్యంలో మళ్లీ నిలిచేదాకా పట్టే సమయాన్ని నేడు బ్లాక్ సమయమంటారు. అయితే ఆనాటి ఉత్తరానికి బ్లాక్ సమయాల కంటే మజిలీల్లో గడిచిన కాలమే ఎక్కువ.

నాడు మద్రాసు రాజధానిలోని దత్తమండలాలకు చెందిన బళ్లారి, తెలుగు, కన్నడం కలగలిసి వినిపించే ఊరు. బొంబాయి, మద్రాసుల మధ్య ఒక్క ట్యాంకు పెట్రోలుతో దాటలేని దూరానికి అది అనువైన మజిలీ అయింది. విమానాలు పెద్దవై, ట్యాంకులు లోతై, రాత్రి ప్రయాణం సాధ్యమయ్యేసరికి అలాంటి మజిలీల అవసరం తీరిపోయింది. 1947లో కరాచీ మరో దేశంలోకి వెళ్లగా, 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి మైసూరులో చేరింది. నేడు ముంబై నుంచి చెన్నైకి సుమారు 1,030 కిలోమీటర్ల దూరాన్ని జెట్ విమానం రెండు గంటల లోపు దాటేస్తుంది. విన్సెంట్ చీకటి పడి ఆగిన చోట దానికి దిగే పనే లేదు.