ప్రసారముల కోతకు జవాబుదారులెవరు?

జగిత్యాలలో పొలమునకు బయలుదేరు రైతుకు, కోరుట్లలో బీడీలు చుట్టు గృహిణికి, సిరిసిల్లలో సాంచాల చప్పుడు నడుమ నిలిచిన కార్మికునకు రేడియో ఏండ్ల తరబడి తోడుగా నిలిచినది. చేతిపని ఆపకుండ వినదగిన తోడు అది. అట్టి దానిని ఒక్క ఉత్తరువుతో తగ్గించునప్పుడు, తగ్గించువారు ఎవరికి సంజాయిషీ చెప్పవలెను? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. దీని వయస్సు తొంబది ఏండ్లు దాటినది.

1927 జూలై 23న బొంబాయిలో, ఆగస్టు 26న కలకత్తాలో ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ కేంద్రములు వెలసినవి. శ్రోత ఏటా పది రూపాయల లైసెన్సు రుసుము చెల్లించెడివాడు. అందులో ఎనిమిది రూపాయలు కంపెనీకి చేరెడివి. కాని లైసెన్సుదారుల సంఖ్య ఎనిమిది వేలకు కూడ చేరలేదు. ఆదాయము చాలక 1930 మార్చిలో కంపెనీ మూతపడినది. ఏప్రిలు 1 నుండి ప్రభుత్వమే ప్రసారములను చేపట్టినది. ఇంతలో ఆర్థిక మాంద్యము ముంచుకొని వచ్చినది. ఖర్చు తగ్గింపు పేర 1931 అక్టోబరులో ప్రభుత్వము కేంద్రములను మూయ నిశ్చయించినది.

శ్రోతలు ఊరకుండలేదు. సెట్లు కొన్నవారు, సరకు నిలువ చేసికొన్న వర్తకులు గట్టిగా అభ్యంతరము తెలిపిరి. నవంబరులో ప్రభుత్వము ఆ నిర్ణయమును మార్చుకొన్నది. 1932 మేలో ప్రసారములను కొనసాగింతుమని స్పష్టపరచినది. ఆ కొనసాగింపు ఉచితముగా రాలేదు. సెట్లపై దిగుమతి సుంకము 25 నుండి 50 శాతమునకు పెరిగినది. అయినను ఇంచుమించు ఎనిమిది వేల మంది మాట చెల్లుటకు కారణమేమి? వారి చేతిలో రసీదు ఉన్నది. రుసుము పుచ్చుకొన్నవారు జవాబు చెప్పక తప్పలేదని మేము తలంతుము.

మన ప్రాంతపు కథ వేరు. దక్కన్ రేడియో 1935లో నిజాము సర్కారు ఆధీనమైనది. 1950 ఏప్రిలు 1న ఆకాశవాణిలో కలిసినది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చిరకాలము హైదరాబాదు కేంద్రము వైపే చెవి యొగ్గినవి. 1986లో ఆదిలాబాదు, 1990లో వరంగల్లు, నిజామాబాదు కేంద్రములు వెలసిన పిమ్మట పల్లె మాట, పల్లె పాట కొంత దగ్గరయినవి.

1980వ దశకములో లైసెన్సు రద్దయినది. శ్రోతకు రుసుము బాధ తప్పినది; రసీదు కూడ పోయినది. 1990 నాటి ప్రసారభారతి చట్టము 1997లో అమలునకు వచ్చినది. 22 మంది పార్లమెంటు సభ్యుల కమిటీని, ఫిర్యాదులు వినుటకు ఒక ప్రసార మండలిని ఆ చట్టము పేర్కొన్నది. ఈ నడుమ 1995లో సుప్రీము కోర్టు ప్రసార తరంగములు ప్రజల ఆస్తి యని తీర్పు చెప్పినది. అయినను 2019 జనవరిలో, ఖర్చు తగ్గింపు పేర, నేషనల్ చానలును, హైదరాబాదుతో సహా అయిదు నగరములలోని శిక్షణ సంస్థలను మూయ నిశ్చయించినప్పుడు, ఆ సంగతి శ్రోతకు వార్తగానే చేరినది.

2022 అక్టోబరులో బి.బి.సి. ఇంగ్లండులోని 39 స్థానిక కేంద్రముల కార్యక్రమములు పెక్కింటిని కలిపివేయ బూనినది. కామన్సు సభలో సభ్యులు ప్రశ్నించిరి. 2023 మార్చిలో పాత్రికేయులు సమ్మె చేసిరి. కోత పూర్తిగా ఆగలేదు. కాని సంస్థ తన కారణములను బహిరంగముగా చెప్పవలసి వచ్చినది.

మేమును ఈ వృత్తిలోనివారమే. లెక్కల భారము ఎరుగుదుము. ఒక్కొక్కప్పుడు పొదుపు తప్పదు. కాని కోతకు ముందు లెక్క చూపుట, శ్రోత మాట వినుటకు గడువిచ్చుట కనీస ధర్మములు. శ్రోతకును ఒక ధర్మము కలదు. ఏ కార్యక్రమము, ఏ వేళ, ఏ ఊరిలో వినరాకున్నదో ఒక కార్డుపై వ్రాసి కేంద్రమునకు పంపుడు. నాటి రసీదు చేసిన పనిని నేడు ఆ కార్డు చేయవలసియున్నది.