గొలుసుకట్టు నుంచి యూనికోడ్ దాకా: పెదపాడు సీమలో గ్రామలెక్కల చదువు

ఏలూరును ఆనుకొని ఉన్న పెదపాడు మండలంలో వరిచేలూ, చేపల చెరువులూ, కొల్లేటి నేలలూ ఒకదాని గట్టు ఒకటి ఒరుసుకొంటూ ఉండటం వల్ల, ఏ నేల ఎవరి అనుభవంలో ఉన్నదో, ఆ ఏడు అందులో ఏమి పండిందో చెప్పే గ్రామలెక్కకు ఇక్కడ విలువ ఎక్కువ. 1984 వరకు ఆ లెక్క వంశపారంపర్యంగా కరణాల చేతిలో ఉండేది. కరణీకం నేర్పే బడి లేదు. తండ్రి పక్కన కూర్చొన్న కొడుకు, కలం ఎత్తకుండా అక్షరాలను కలిపి రాసే గొలుసుకట్టు రాతనూ, సర్వే నంబరు వారీగా విస్తీర్ణం, పట్టాదారు, అనుభవదారు, పంట, నీటి ఆధారం చూపే అడంగలునూ, జూలై 1న మొదలై జూన్ 30తో ముగిసే ఫసలీ అనే రెవెన్యూ సంవత్సరాన్నీ, భాగాలను నాలుగేసి వంతులుగా విడగొట్టి గుర్తులతో వేసే పాత భిన్నాల లెక్కనూ ఏళ్ల తరబడి పట్టుబట్టి నేర్చుకొనేవాడు.

1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సుతో మునసబు, కరణం పదవులను రద్దు చేసింది. వారసత్వపు పెత్తనం పోవటం న్యాయమే. కాని దానితోపాటు తండ్రి నుంచి కొడుకుకు అందుతూ వచ్చిన విద్య కూడా తెగిపోయింది, దాని స్థానంలో మరో శిక్షణ అంత గట్టిగా నిలదొక్కుకోలేదు.

ఆ లోటు తీరకముందే కంప్యూటర్ వచ్చింది. 1998 నవంబరులో రిజిస్ట్రేషన్ శాఖలో ‘కార్డ్’ పథకం మొదలై, అంతకుముందు గుమాస్తాలు పుస్తకాల్లోకి చేత్తో ఎక్కించే దస్తావేజు నకళ్లు స్కానింగు బొమ్మలుగా మారాయి. 2011లో మీసేవ, 2015లో మీభూమి రావటంతో అడంగలు ఇంటి నుంచే చూడగల లెక్క అయింది. అయితే పాత తెలుగు ఫాంట్లలో ప్రతి సంస్థా అక్షరాలకు తనదైన సంకేతాలు పెట్టుకొన్నందున, ఒకచోట కొట్టిన పేరు మరోచోట అర్థంలేని గుర్తులుగా కనిపించేది. భాషకు ఒకే సంకేతపట్టిక ఇచ్చే యూనికోడ్ ఆ చిక్కును తీర్చినా, ‘వెంకటేశ్వరరావు’, ‘వెంకటేశ్వర్రావు’ అన్న రెండు రాతలు యంత్రానికి ఇద్దరు మనుషులే. ఆ ఇద్దరూ ఒక్కరేనని తేల్చవలసింది సర్వే నంబరునూ, తండ్రి పేరునూ, పాత అడంగలునూ పక్కపక్కన పెట్టి చదవగల ఉద్యోగి. గ్రంథాలయంలో ఒకే రచయిత పుస్తకాలు సూచికలో రెండు పేర్ల కింద చెదరిపోవటానికీ కారణం ఇదే.

కరణాల భిన్నాల గుర్తులకు 2008లో యూనికోడ్ 5.1లో చోటు దొరికింది. గుర్తు తెరమీదికి ఎక్కినా, దాన్ని చదివేవారు లేకపోతే పాత లెక్క మూగదే. అందుచేత గ్రంథాలయాల్లో, దస్త్రాల గదుల్లో కొలువు కోరే యువతీయువకులు యూనికోడ్ టైపింగుతో ఆగక గొలుసుకట్టు చదవటం కూడా నేర్చుకోవాలి. ఆ రాత తెలిసిన పెద్దలు ఉండగానే ప్రభుత్వం వారిచేత పాఠాలు చెప్పించాలి.