అరగంట ఇంటర్వ్యూ వెనక నలభయ్యేళ్ళు

అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల గోడల మీద అంటించే కాగితాలని ఎవరైనా ఏడాదికొకటి చొప్పున దాచి ఉంటే, ఈపాటికి మన ఐటీ చరిత్రకి మంచి ఆర్కైవ్ తయారయ్యేది. మెయిన్‌ఫ్రేమ్, ఒరాకిల్, జావా, శాప్, హడూప్, డెవాప్స్ అంటూ కోర్సుల పేర్లు మారుతూ వచ్చాయి. ఆ తర్వాత ఇంకో రకం ప్రకటన పుట్టింది. అది గోడల మీద కన్నా వాట్సాప్ గ్రూపుల్లో ఎక్కువ కనిపిస్తుంది: ‘ఇంటర్వ్యూ సపోర్ట్’, ‘జాబ్ సపోర్ట్’, కింద ఒక ఫోన్ నంబరు. కోర్సులు చెప్పేవాళ్ళ మీద మనం కావలసినన్ని జోకులు వేసుకున్నాం. ఈ రెండో రకం గురించి మాత్రం మోసం అని ఒక్క ముక్క అనేసి ఊరుకుంటాం. మోసమే, కాదనను. కానీ అది సరిగ్గా ఇంటర్వ్యూ దగ్గరే ఎందుకు పుట్టింది? జవాబు కోసం అమీర్‌పేట వదిలేసి, 1986లో వాషింగ్టన్‌లో చేసిన ఒక పన్నుల చట్టం దగ్గరికి వెళ్ళాలి.

ఆ ఏడాది ట్యాక్స్ రిఫార్మ్ యాక్ట్‌లో సెక్షన్ 1706 అని ఒక చిన్న సెక్షన్ చేర్చారు. అప్పటిదాకా అమెరికాలో చాలామంది ప్రోగ్రామర్లు స్వతంత్ర కాంట్రాక్టర్లు. పనికి ఇంతని తీసుకుని, పన్ను తామే కట్టుకునేవాళ్ళు. ఇలాంటివాళ్ళని ఉద్యోగులుగా లెక్కగట్టి మీద పడకుండా, పని ఇచ్చేవాళ్ళకి 1978 నుంచీ చట్టంలో ఒక రక్షణ ఉండేది. బ్రోకరు ద్వారా క్లయింటు దగ్గర పనిచేసే ఇంజనీర్లు, ప్రోగ్రామర్లు, సిస్టమ్స్ అనలిస్టుల విషయంలో 1706 ఆ రక్షణని తీసేసింది. రేపు పన్నులవాళ్ళు వచ్చి ‘వీళ్ళు మీ ఉద్యోగులే, పాత బకాయిలు కట్టండి’ అంటే ఏం చేస్తాం అన్న భయం బ్రోకర్లకీ క్లయింట్లకీ పట్టుకుంది. ఇక మనిషి ఏదో ఒక ఏజెన్సీ పేరోల్ మీదైనా ఉండాలి, లేదా తనే ఒక కంపెనీ పెట్టుకుని రావాలి. మనవాళ్ళ నోళ్ళలో నలిగే ‘డబ్ల్యూ-2’, ‘సీటూసీ’ మాటలకి అంత బరువు వచ్చింది అక్కడే. మధ్యవర్తిని మనం కనిపెట్టలేదు. అమెరికా పన్నుల చట్టం వేసిన పీటలో మనవాళ్ళు చాలా సౌకర్యంగా కూర్చున్నారు, అంతే.

మనుషుల్ని పంపే అలవాటు మాత్రం మన దేశానికి అంతకు ముందే ఉంది. 1970లలో టీసీఎస్ బరోస్ కంపెనీ పని పట్టుకున్న దగ్గర్నుంచీ సాఫ్ట్‌వేర్ ఎగుమతి అంటే ఎక్కువగా ప్రోగ్రామర్‌ని విమానం ఎక్కించడమే. కంప్యూటర్ దిగుమతికి లైసెన్సులు, సుంకాలు, చాలని టెలిఫోన్ లైన్లు. వీటన్నిటి మధ్య కోడ్‌ని పంపడం కన్నా మనిషిని పంపడం తేలిక. దీనికి ‘బాడీ షాపింగ్’ అన్న మొరటు పేరు అప్పుడే వచ్చింది.

1990 ఇమ్మిగ్రేషన్ చట్టం హెచ్-1బి వీసాని ఏడాదికి 65,000 పరిమితితో తెచ్చింది. ఇందులో కీలకం అంకె కాదు. వీసాకి దరఖాస్తు పెట్టేది ఉద్యోగి కాదు, యజమాని. అంటే ఏ ఏజెన్సీ అయితే మనిషిని క్లయింటుకి అద్దెకిస్తోందో, అతను ఆ దేశంలో ఉండే హక్కు కూడా దాని చేతిలోనే ఉంది. తర్వాత వై2కె వచ్చింది. కోబాల్ తెలిసినవాళ్ళు ఎంతమంది ఉన్నా చాలలేదు. పరిమితిని 1998లో 1,15,000కీ, 2000లో 1,95,000కీ పెంచారు. హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ 1998లో తెరిచారు కాబట్టి మన ఐటీ కథని అందరూ అక్కణ్ణుంచి మొదలెడతారు. కానీ అద్దాల మేడ లేవకముందే అమీర్‌పేట పనిలో ఉంది.

ఈ వ్యవస్థ మీద నేను చదివినవాటిలో మంచి పుస్తకం ఒక చైనా మానవశాస్త్రవేత్త రాసింది. షియాంగ్ బియావ్ ‘గ్లోబల్ బాడీ షాపింగ్’ 2007లో ప్రిన్స్‌టన్ ప్రచురణగా వచ్చింది. అతను సిడ్నీలోనూ, హైదరాబాదులోనూ మనవాళ్ళ మధ్య తిరిగాడు. కన్సల్టెన్సీలు ఎలా పుడతాయి, ఒకదాని కింద ఒకటి ఎలా అతుక్కుంటాయి అన్నది చెబుతూ, మనం బయటికి అనుకోని విషయం ఒకటి పట్టుకున్నాడు. కుర్రాడి ట్రైనింగ్‌కీ, వీసా ఖర్చుకీ డబ్బు ఎక్కణ్ణుంచి వస్తోంది? కోస్తా జిల్లాల వ్యవసాయపు మిగులు నుంచి, చాలాసార్లు కట్నం రూపంలో. అంటే సిడ్నీ క్లయింటుకి ఆ ప్రోగ్రామరు చవగ్గా దొరకడం వెనక గోదావరి పక్క ఒక ఆడపిల్ల తండ్రి అమ్ముకున్న పొలం ఉంది. ఇది మన తెలుగు రచయితలు రాయాల్సిన పుస్తకం అని నాకు అనిపిస్తూనే ఉంటుంది.

ఇప్పుడు గొలుసు సంగతి. క్లయింటు గంటకి 100 డాలర్లు ఇస్తున్నాడనుకోండి. క్లయింటు జాబితాలో ఉన్న ప్రైమ్ వెండర్ కొంత ఉంచుకుని కింది వెండర్‌కి ఇస్తాడు, అతను కొంత ఉంచుకుని వీసా చేసిన కన్సల్టెన్సీకి ఇస్తాడు. అక్కడ ఇంకో కోత పడ్డాక మిగిలింది మనిషికి చేరుతుంది. పైవాడు ఎంత ఇచ్చాడో కిందివాడికి తెలియకపోవడంలోనే ఈ వ్యాపారం ఉంది. కాబట్టి క్లయింటూ పనివాడూ నేరుగా మాట్లాడుకోకూడదు. ఎంత దాచినా ఒక్కచోట మాత్రం ఇద్దర్నీ కలపక తప్పదు. అదే అరగంట ఫోన్ ఇంటర్వ్యూ.

నా మాట ఇదే: గొలుసులోని అబద్ధాలన్నీ ఆ అరగంటలోకి వచ్చి పడ్డాయి. రెజ్యూమెలో మూడేళ్ళని ఎనిమిదేళ్ళు చేసింది చాలాసార్లు కన్సల్టెన్సీ ‘మార్కెటింగ్’ విభాగం. ఆ ఎనిమిదేళ్ళని నిలబెట్టాల్సింది మాత్రం ఫోన్ ముందు కూర్చున్నవాడు. అతను బెంచ్ మీద ఉంటే? బెంచ్ మీదున్నా జీతం ఇవ్వాలని 1998 చట్టం స్పష్టంగానే చెప్పింది. ఇవ్వకపోతే కార్మిక శాఖకి ఫిర్యాదు చేయొచ్చు. చేసేవాడి వీసా మాత్రం ఆ యజమాని దగ్గరే ఉంటుంది. 2001లో డాట్‌కామ్ బుడగ పేలినప్పుడు న్యూజెర్సీ గెస్ట్‌హౌస్‌లలో ఒక్కో గదిలో నలుగురైదుగురు పడుకుని, ఫోన్ మోగితే ఎవరికని చూసుకున్న తరం ఉంది. పక్కనున్నవాడికి జావా బాగా వచ్చు, మనకి ఇంటర్వ్యూ ఉంది. ‘నువ్వు మాట్లాడరా, నా గొంతు వాళ్ళకేం తెలుసు?’ ప్రాక్సీ మొదట ఇలా రూమ్మేట్ల మధ్య సాయంలాంటిదే. రేటు పెట్టి అమ్మడం తర్వాత వచ్చింది.

ఫోన్ రేట్లు తగ్గి, ఇంటర్నెట్ పెరిగాక రిక్రూటర్ కూడా హైదరాబాదు వచ్చేశాడు. మాధాపూర్‌లో సాయంత్రం ఆరున్నరకి పని మొదలు, తెల్లవారుజామున ఇంటికి. ఊళ్ళో అమ్మానాన్న పెట్టిన పేరు పక్కన పెట్టి, ఫోన్‌లో ఏ ‘శామ్’గానో మాట్లాడే కుర్రాళ్ళు. అవతల డల్లాస్‌లో ఎత్తినవాడు కూడా గుంటూరువాడే అయితే ఇద్దరూ రెండు నిమిషాలు ఇంగ్లీషులో అవస్థపడి, తర్వాత ‘తెలుగేనా బ్రో?’ దగ్గరికి వస్తారు. ఒకే ఉద్యోగానికి పది మంది నుంచి ఫోన్లు. ‘రైట్ టు రిప్రజెంట్’ మెయిల్ ఇద్దరికి పంపితే ఒకే రెజ్యూమె రెండుసార్లు వెళ్ళి, చాలాచోట్ల రెండూ చెత్తబుట్టలోకి పోతాయి. తర్వాత ఎవరూ ఏ కబురూ చెప్పరు. ఆ నిశ్శబ్దం గురించి కాంట్రాక్టర్లు చెప్పేంత చేదుగా జీతం కోతల గురించి కూడా చెప్పరు.

2010లో ఇమ్మిగ్రేషన్ శాఖ, పరాయి చోట పనిచేసేవాడి మీద యజమానికి నిజంగా అదుపు ఉందని చూపించమని ఒక మెమో తెచ్చింది. దాంతో క్లయింటు లెటర్ బంగారమైంది. 2018లో ఇంకా బిగించారు, 2020లో కోర్టు తీర్పు తర్వాత వదులు చేశారు. ఉద్యోగం పోయినవాడికి 60 రోజుల గడువు 2017లో వచ్చింది. అంతకుముందు అది కూడా లేదు. 58వ రోజున వచ్చిన ఇంటర్వ్యూలో ఒక మనిషి నిజాయితీగా ‘నాకిది రాదు’ అనగలడా?

చాలామంది అన్నారు, అది కూడా రాయాలి. తెలిసిందే చెప్పి, పోయిన ఉద్యోగాలు పోగా దొరికినదాంట్లో నిలబడ్డవాళ్ళే ఎక్కువ. ప్రాక్సీ వల్ల మొదట నష్టపోయింది వాళ్ళే. యాస వినగానే అవతలివాడి గొంతులో వచ్చే అనుమానం మోసం చేసినవాణ్ణీ చేయనివాణ్ణీ వేరు చేయదు.

2020 తర్వాత ఇంటర్వ్యూ, పని రెండూ తెరలోకి వెళ్ళిపోయాయి. జాబ్ సపోర్ట్ ఇప్పుడు రాత్రి కొలువు. ముఖం టెక్సాస్‌లో, కోడ్ కొట్టే చేతులు కూకట్‌పల్లిలో. పగలు తన ఉద్యోగం చేసుకుని, రాత్రి ఇంకొకడి ఉద్యోగం చేసే ఆ మనిషికి అమెరికా జీతంలో చిన్న ముక్క దొరుకుతుంది. గొలుసుకి ఇంకో కడియం చేరింది, అదీ అన్నిటికన్నా కింద. 2022 జూన్‌లో ఎఫ్‌బీఐ, దొంగిలించిన వివరాలతో, డీప్‌ఫేక్ వీడియోలతో రిమోట్ ఉద్యోగాలకి దరఖాస్తులు వస్తున్నాయని బహిరంగంగా హెచ్చరించింది. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు.

ఈలోగా వీడియో ఇంటర్వ్యూల్లో కొత్త మర్యాదలు వచ్చాయి. ‘కెమెరాని గది చుట్టూ తిప్పండి’, ‘ఇయర్‌ఫోన్లు తీసేయండి’, ‘చెయ్యి ముఖం ముందు అటూ ఇటూ ఆడించండి’. పదిహేనేళ్ళు కోడ్ రాసినవాడు కూడా చెయ్యి ఆడించి చూపిస్తున్నాడు. ఆ తర్వాత మొదటి ప్రశ్న వస్తుంది.