తలుపు వేసుకోమన్న గొంతు

2025 సెప్టెంబర్ 6, శనివారం. హైదరాబాద్‌లో నిమజ్జనం. ఖైరతాబాద్ వినాయకుణ్ణి చూడ్డానికి మా నల్లగొండ నుంచి, అటు పాలమూరు నుంచి పొద్దున్నే బస్సులెక్కి పోయేవాళ్లు ఏటా ఉంటారు. ఆ రోజు నగరం ఇంట్లో ఉండదు, రోడ్డు మీద ఉంటుంది. డప్పులు, గులాలు, పిల్లల కేకలు. అదే నగరంలో 76 ఏళ్ల పెద్దామె ఒకరు మాత్రం ఆ రోజు ఫోన్‌కు బందీగా ఉన్నారు.

ఆమె డాక్టరమ్మ. సర్కారు దవాఖానలో పనిచేసి రిటైరయ్యారు. ముందురోజు, 5వ తేదీన, వాట్సాప్‌లో కాల్ వచ్చింది. తెర మీద బెంగళూరు పోలీసుల గుర్తు. మనుషుల అక్రమ రవాణా కేసులో మీ పేరుంది అన్నారు. సుప్రీంకోర్టుదని ఒక కాయితం, ఈడీదని ఇంకో కాయితం, ముద్రలతో సహా పంపారు. అరెస్టు తప్పించాలంటే డబ్బు కట్టమన్నారు. పింఛను పడే ఖాతాలోంచి 6 లక్షల 60 వేలు పోయాయి. పోయాకైనా వదిలిపెట్టారా అంటే లేదు. వీడియో కాల్ మీద వీడియో కాల్, బెదిరింపు మీద బెదిరింపు. 7వ తేదీ ఆదివారం రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం. గుళ్లు మూశారు, చంద్రుడు ఎర్రబడ్డాడు, మళ్లీ తెల్లబడ్డాడు. ఆమెకు పట్టిన గ్రహణం విడవలేదు. సోమవారం, 8వ తేదీన, ఛాతీలో నొప్పి అన్నారు. ఆస్పత్రికి తీసుకుపోయారు. గుండె ఆగిపోయింది.

మొదటి కాల్ నుంచి చివరి శ్వాస దాకా దాదాపు 70 గంటలు. ఇంటివాళ్లకు సంగతి తెలిసింది అంత్యక్రియలయ్యాక, ఫోన్ తెరిచి చూసినప్పుడు.

ఆ వార్త పేపర్లో చదివిన రోజు మా ఊరి హోటల్లో ఒకాయన అన్నాడు: "గంత సదువుకున్నామె ఎట్ల నమ్మిందో!" నాకు కోపమొచ్చింది. ఆయన మీద కాదు, ఆ మాట మీద. మోసపోయినవాళ్లందరికీ మనం ముందుగా వేసే శిక్ష ఆ మాటే. నమ్మడం తెలివితక్కువతనమేమీ కాదు. ఖాకీ బట్ట చూస్తే లేచి నిలబడటం, కోర్టు ముద్ర ఉన్న కాయితాన్ని రెండు చేతులతో పట్టుకోవడం, 'సార్' అని పిలవడం మనకు తరతరాలుగా నేర్పిన మర్యాద. ఆ మర్యాదనే ఉరితాడుగా పేనారు వాళ్లు.

మా తాతల కాలంలో ఊళ్లోకి పోలీసు అమీన్ సాబ్ గుర్రం మీద వస్తున్నాడంటే మగవాళ్లు చేన్లలోకి పారిపోయేవాళ్లట. కచ్చేరి నుంచి పిలుపొస్తే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది కాదట. సర్కారు పేరు మీద ఎవడొచ్చినా తప్పు మనదేనేమో అన్న జంకు మా నెత్తురులో ఉంది. కానీ అదే నల్లగొండ జిల్లా ఆ జంకును ఒకసారి గెలిచింది కూడా. 1946 జులై 4న, అప్పటికి నల్లగొండ జిల్లాలో ఉన్న కడవెండిలో దొడ్డి కొమరయ్య దొర మనుషుల తుపాకీ గుండుకు నేలకొరిగాడు. ఆ తర్వాత ఊళ్లకు ఊళ్లు గుత్పలు, ఒడిసెలలు, కారప్పొడి పట్టుకుని దొర గడీల మీదికి, పోలీసుల మీదికి పోయాయి. ఆ మనుషులకు భయం లేక కాదు. పక్కన ఇంకొకరు నిలబడి ఉన్నారు కాబట్టి పోగలిగారు. ఒక్కొక్కరిగా ఉన్నప్పుడు గడీ ముందు చెప్పులు చేత పట్టుకుని నడిచినవాళ్లే, సంఘమయ్యాక గడీ తలుపు తట్టారు.

ఈ ఫోన్ దొంగలకు ఆ చరిత్ర తెలియదు గానీ అందులోని కీలకం తెలుసు. అందుకే వాళ్లు ముందుగా డబ్బు అడగరు. ముందుగా అడిగేది తలుపు వేసుకోమని. గదిలోకి పో, ఎవరికీ చెప్పకు, చెబితే నీ పిల్లల మీద కూడా కేసవుతుంది. మనిషిని పదిమంది నుంచి విడదీశాక మిగతాదంతా వాళ్లకు తేలిక. 'డిజిటల్ అరెస్టు' అని దానికి పేరు పెట్టారు. అసలు మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు. ఏ పోలీసూ, ఏ జడ్జీ వీడియో కాల్‌లో మనిషిని బంధించరు, కేసు మాఫీకి ఖాతా నంబర్ పంపరు. 2024 అక్టోబర్ 27న ప్రధానమంత్రి మన్ కీ బాత్‌లో ఈ మాటే చెప్పారు; ఆగండి, ఆలోచించండి, ఆ తర్వాత అడుగు వేయండి అని కూడా అన్నారు. ఆ మాట దేశమంతా వినిపించిన పది నెలలు దాటాక డాక్టరమ్మ ఫోన్ మోగింది. ఆగమని చెప్పడం సులువు. ఆగడానికి పక్కన ఒక మనిషి కావాలి.

మా పెద్దమ్మ దేవరకొండ పక్క పల్లెలో ఉంటుంది. రెండేళ్ల కింద ఆమెకూ ఒక ఫోన్ వచ్చింది. మీ కొడుకును ఠాణాలో కూర్చోబెట్టాం, యాభై వేలు పంపితే ఎఫ్ఐఆర్ లేకుండా చేస్తాం అని. వెనక ఎవరో పిల్లగాడి ఏడుపు కూడా వినిపించారట. పెద్దమ్మ అప్పుడు అరుగు మీద కూర్చుని కందికాయ ఒలుస్తోంది. లోపలికి పోయి తలుపు పెట్టుకోవాలన్న ఆలోచన ఆమెకు రాలేదు. "అయ్యో కొడుకా!" అని ఒక్క కేక పెట్టింది. ఆ కేకకు వాడకట్టు మొత్తం వచ్చింది. ఎదురింటి మామ ఫోన్ గుంజుకుని, "ఏ ఠాణా సారూ? సెప్పుండ్రి, ఊరోళ్లమంతా ట్రాక్టర్ కట్టుకొని వస్తున్నం" అన్నాడు. అవతల కట్. ఆ పూటంతా పెద్దమ్మ వణుకుతూనే ఉంది, కొడుకు ఫోన్ చేసి మాట్లాడేదాకా మంచినీళ్లు ముట్టలేదు. కానీ పైసా పోలేదు. ఆమెకు సంతకం చేయడం కూడా సరిగ్గా రాదు. ఆమెను కాపాడింది అరుగు.

ఆ అరుగులిప్పుడు ఎన్ని ఉన్నాయి? నల్లగొండ పట్నంలో కొత్త కాలనీల వెంట నడవండి. రిటైరైన టీచర్ల ఇళ్లు, పింఛనుదారుల ఇళ్లు. పిల్లలు హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో. ఇంటికి ఇనుప గేటు, గేటుకు తాళం, లోపల ఇద్దరు, కొన్నిచోట్ల ఒక్కరే. ఖాతాలో జీవితమంతా కూడబెట్టిన డబ్బు, చేతిలో కొడుకు కొనిచ్చిన పెద్ద ఫోన్. వాళ్లకు తలుపు వేసుకోమని ఎవరూ చెప్పనక్కర్లేదు, అది ఎప్పుడో పడింది.

పాలమూరు సంగతి వేరు. అక్కడ ఫోన్ అంటే వలసపోయిన మనిషి. నారాయణపేట, కోస్గి, మక్తల్ ఊళ్ల నుంచి ముంబై, పుణె పనులకు పోయినవాళ్ల ఇళ్లలో ముసలి తల్లిదండ్రులు ఆ మోత కోసమే ఎదురుచూస్తారు. ఒకప్పుడు కిరాణా కొట్టులో రూపాయి కాయిన్ బాక్స్ దగ్గర ఆదివారం పూట వరుస కట్టేవాళ్లు. ఆ మోతలోకే ఇప్పుడు దొంగ దూరాడు. పీఎం కిసాన్ డబ్బు పడాలంటే ఇది నొక్కండి అని వాట్సాప్‌లో ఒక ఏపీకే ఫైల్ వస్తుంది. వచ్చేది మనకు తెలిసిన బంధువు నంబర్ నుంచే, ఎందుకంటే ఆయన ముందే నొక్కి ఉంటాడు. నొక్కి ఆ యాప్ వేసుకుంటే ఫోన్ వాళ్ల చేతిలోకి పోతుంది, ఓటీపీలు వాళ్లే చదువుకుంటారు.

కొత్త నంబర్ ఎత్తొద్దు అని సలహా ఇస్తుంటారు. పట్నంవాళ్లకు అది సరిపోతుందేమో. పాలమూరులో అది కఠినమైన మాట. సెంట్రింగ్ పని దగ్గర పైనుంచి పడ్డ కొడుకు కబురు మేస్త్రీ నంబర్ నుంచే వస్తుంది. రీచార్జ్ అయిపోయిన బిడ్డ పక్క మనిషి ఫోన్‌తోనే పలకరిస్తుంది. అక్కడి తల్లి కొత్త నంబర్ ఎత్తకుండా ఎట్లా ఉంటుంది? ఎత్తనీయండి. అవతలి గొంతు 'ఎవరికీ చెప్పకు' అన్న మరుక్షణం పక్కింటి వాళ్లను పిలవమనండి.

ఇంకో దుఃఖం ఉంది. ఆ గొంతు ఒక్కోసారి తెలుగులోనే మాట్లాడుతుంది. కంబోడియాలో కంప్యూటర్ ఉద్యోగమని ఏజెంట్లు తీసుకుపోయి, పాస్‌పోర్టులు గుంజుకుని, ఇవే ఫోన్లు చేయించారని 2024లో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు. ఆ ఏడాది మే నెలలో సిహనౌక్‌విల్ నుంచి 60 మంది భారతీయులు తిరిగొచ్చారు. 2025 మార్చిలో మయన్మార్ ముఠాల చెర నుంచి బయటపడ్డ వందల మందిని వాయుసేన విమానాల్లో తెచ్చారు, అందులో తెలంగాణ పిల్లలూ ఉన్నారు. దెబ్బలు పడతాయన్న భయంతో మన బిడ్డే మన తల్లిని బెదిరించిన రోజులవి.

కేంద్ర హోంశాఖ పార్లమెంటుకు ఇచ్చిన లెక్క ప్రకారం సైబర్ మోసాల్లో దేశం పోగొట్టుకున్నది 2023లో 7,465 కోట్లు, 2024లో 22,845 కోట్లు. 2025 డిసెంబర్ 1న సుప్రీంకోర్టు డిజిటల్ అరెస్టు కేసుల దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. తన పేరు మీదే దొంగ ఉత్తర్వులు పుట్టించారని కోర్టే చలించింది. ఆ కోట్లలో డాక్టరమ్మ 6 లక్షల 60 వేలు ఎక్కడో ఒక చుక్క.

పోయిన డబ్బు కొంతైనా నిలబడాలంటే గంటల్లో కాదు, నిమిషాల్లో కదలాలి. సైబర్ మోసాల సహాయ నంబర్ 1930కి ఫోన్ చేస్తే డబ్బు ఏ ఖాతాలోకి పోయిందో అక్కడ ఆపించే ప్రయత్నం చేస్తారు. దొంగ ఆ ఖాతా నుంచి ఇంకో నాలుగు ఖాతాల్లోకి చెదరగొట్టేలోపే అది జరగాలి. ఈ సంగతి తెలిసినవాళ్లు కూడా చేయరు, ఎందుకంటే ఇజ్జత్. కొడుకు ఏమంటాడో, కోడలు నవ్వుతుందేమో, ఊళ్లో తెలిస్తే ఎట్లా అని ఒక రాత్రి మింగేస్తారు. తెల్లారేసరికి ఖాతా ఖాళీ. 'ఎట్ల నమ్మినవ్' అన్న మన మాట ఆ రాత్రి వాళ్ల నోరు మూస్తుంది.

మా ఇంట్లో నాయనమ్మ ఉన్నన్నాళ్లూ ఎవరి ఫోన్ మోగినా ఒకటే ప్రశ్న: "ఎవలు ఫోన్ల?" ఎత్తకముందే అడిగేది, మాట్లాడుతుంటే అడిగేది, పెట్టేశాక మళ్లీ అడిగేది. ఏమంటున్నరు, ఎందుకు చేసిండ్రు అని. మాకు విసుగు. నీకెందుకే అని కసిరి మిద్దె మీదికి పోయి మాట్లాడుకున్నాం. కొన్నాళ్లకు ఆమె అడగడం మానేసింది. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ ఎవరినీ అడగలేదు.

డాక్టరమ్మ చనిపోయాక కూడా ఆ ఫోన్‌కు మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయట. అవతలివాళ్లకు తెలియదు కదా. బెదిరిస్తూనే ఉన్నారు, పలకమని అడుగుతూనే ఉన్నారు.