పదుగురి ప్రక్కన నిలిచిన ఎలిజబెత్ రయన్

టెన్నిసు కోర్టునకు ఇరుప్రక్కల, తెల్లని గీతల నడుమ, నాలుగున్నర అడుగుల వెడల్పు గల రెండు పట్టీలు కానవచ్చును. సింగిల్సు ఆడుచున్నంతసేపు అవి బీడుభూములే. అందు పడిన బంతి తప్పు బంతియే. డబుల్సు మొదలైనంతనే ఆ బీడు సాగులోనికి వచ్చి, 27 అడుగుల కోర్టు 36 అడుగులగును. 1914 మొదలు 1934 వఱకు, ఇరువది సంవత్సరముల పొడవున, ఆ విశాలక్షేత్రమునే తన రాజ్యముగ నేలి, వింబుల్డనులో పందొమ్మిది టైటిళ్ళు గెలిచియు, ఏ మహాపోటీలోను సింగిల్సు కిరీటమును ఒక్కమాఱైనను ధరింపజాలని ఎలిజబెత్ రయన్‌ను తలంపక డబుల్సు చరిత్ర వ్రాయుట దుష్కరము.

ఆమె 1892 ఫిబ్రవరి 8వ తేదీన కాలిఫోర్నియాలోని అనహైమునందు జన్మించెను. 1912లో ఇంగ్లండునకు వచ్చి, ఆ దేశమునే తన నివాసముగ చేసికొనెను. 1914లో రష్యాకు పోయి, జారు చక్రవర్తుల పాలనలో జరిగిన కడపటి జాతీయ పోటీలో మహిళల సింగిల్సు గెలిచెను. ఆ యేడే అగాథా మోర్టనుతో జతకట్టి వింబుల్డనులో తన మొదటి డబుల్సు విజయమును గడించెను. అంతలో మహాయుద్ధము ముంచుకొనివచ్చినది. 1915 నుండి 1918 వఱకు వింబుల్డను పోటీలే లేవు. క్రీడాకారిణి ఒడలు మిక్కిలి చుఱుకుగ నుండు ప్రాయమున, ఇరువదిమూడవయేట నుండి ఇరువదియాఱవయేటి దాక, ఆమెకు నాలుగు వేసవులు వ్యర్థమైనవి. ఆ నాలుగేండ్లు దక్కియుండినచో లెక్క యెంతవఱకు పోయెడిదో యని తలంచినపుడెల్ల నాకు మనసు కలుక్కుమనును.

ఆమె ఆటలో రెండు దెబ్బలు ప్రసిద్ధములు. మొదటిది చాపు: రాకెట్టును పైనుండి క్రిందికి దింపుచు బంతి యడుగును కోసినట్లు కొట్టుట. అట్లు కోతపడిన బంతి పచ్చికపై పడి పైకి లేవక జాఱిపోవును. ఎదుటివారు మోకాళ్ళు వంచి, నేలబారుగనున్న దానిని పైకెత్తి కొట్టక తప్పదు. అట్లు పైకెత్తిన బంతియే రయన్ కోరుకొన్నది. ఆమె యప్పటికే నెట్టు కడకు చేరియుండును. రెండవ దెబ్బయగు వాలీతో, బంతి నేలను తాకకమునుపే, ప్రత్యర్థులిరువురి నడుమనున్న ఖాళీలోనికి దానిని దింపివేయును. మొదటి దెబ్బ అవకాశమును పుట్టించుటకు, రెండవది దానిని ముగించుటకు. డబుల్సునకింతకంటె తగిన ఆట వేఱొకటి యుండునా?

ఆమె పందొమ్మిది టైటిళ్ళలో పండ్రెండు మహిళల డబుల్సువి, ఏడు మిక్సెడ్ డబుల్సువి. వీనిని ఐదుగురు స్త్రీలతోను, ఐదుగురు పురుషులతోను కలిసి గెలిచినది. ఫ్రాన్సు దేశపు సుజాన్ లాంగ్లెనుతో ఆఱు, అమెరికా దేశపు హెలెన్ విల్సుతో రెండు, సిమోన్ మాతియూతో రెండు. పురుషులలో రాండాల్ఫ్ లైసెట్టుతో మూడు, అటుపిమ్మట అమెరికా, దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా, స్పెయిను దేశముల వారితో ఒక్కొక్కటి. విల్సు వెనుకనుండి బలమైన దెబ్బలు కొట్టుచుండగా రయన్ నెట్టు కడ కాచుకొనియుండెడిది. ఎదుటివారి బలహీనత నెఱుగుట అందఱకు నవసరమే. ప్రక్కనున్నవారి బలమునెఱిగి, దానికి లోటు రానిచోట తాను నిలుచుట మాత్రము వేఱొక విద్య. ఆ విద్యలో ఆమెకు సాటి నాకెవ్వరును కానరారు.

లాంగ్లెన్, రయన్ జోడీకి వింబుల్డనులో ఓటమియే లేదు. అట్టి జోడీని 1926లో ఫ్రెంచి టెన్నిసు సంఘము విడదీసెను. లాంగ్లెన్ తన దేశపు క్రీడాకారిణితోనే ఆడవలెనని సంఘము పట్టుపట్టగా, ఆమె డిడి వ్లాస్టోతో జతకట్టెను. రయన్ మేరీ బ్రౌనును వెంట తెచ్చుకొనెను. విధి చేసిన యేర్పాటో యన్నట్లు ఈ రెండు జోడీలే ఎదురుపడినవి. మొదటి సెట్టు 6-3తో ఫ్రెంచివారిది. రెండవ సెట్టులో వారు మ్యాచు పాయింటు దాక వచ్చిరి. అచట నిలదొక్కుకొని రయన్, బ్రౌను 9-7, 6-2తో గెలిచిరి. వింబుల్డను మహిళల డబుల్సులో లాంగ్లెనుకు తొలి పరాజయమును చూపినది ఆమె పాత నేస్తమే.

సింగిల్సు మాత్రమామెకు కడవఱకు కలిసిరాలేదు. వింబుల్డను ఫైనలులో 1921లో లాంగ్లెన్ చేత, 1930లో విల్సు చేత ఓడెను. అన్నింటికంటె బాధాకరమైనది 1926లో ఫారెస్టు హిల్సునందు జరిగిన అమెరికా జాతీయ పోటీ ఫైనలు: నలువదిరెండేండ్ల మొల్లా మల్లరీపై మూడవ సెట్టులో 4-0 ఆధిక్యము, పిదప ఒక మ్యాచు పాయింటు కూడ లభించియు, 9-7తో ఆ సెట్టు, ఆటయు చేజాఱినవి.

1934లో ఆమె ప్రొఫెషనలుగ మాఱి, శిక్షణ వృత్తిగ స్వీకరించెను. మన హైదరాబాదు బిడ్డ సానియా మీర్జా మణికట్టు గాయముల పిదప 2013లో సింగిల్సు విడిచి, 2015లో మార్టినా హింగిసుతో వింబుల్డను మహిళల డబుల్సు గెలిచినపుడు మనమెంత పొంగిపోయితిమో తలంచుకొన్నచో, అట్టి పండుగను పండ్రెండు మాఱులు చేసికొన్న రయన్ ఘనత మనకు మఱింత దగ్గఱగ తోచును.

1975లో బిల్లీ జీన్ కింగు పందొమ్మిదవ వింబుల్డను టైటిలు గెలిచి రయన్‌తో సమానమయ్యెను. 1979 జులై 6వ తేదీన, ఎనుబదియేడేండ్ల రయన్ ఆ వింబుల్డను ప్రాంగణముననే కుప్పకూలి మరణించెను. మఱునాడు కింగు, మార్టినా నవ్రతిలోవాతో కలిసి, 5-7, 6-3, 6-2తో డబుల్సు ఫైనలు గెలిచి ఇరువదవ టైటిలును చేకొనెను. మహిళల డబుల్సులో రయన్ పండ్రెండింటిని మాత్రము కింగు గాని, నవ్రతిలోవా గాని, ఆ తరువాత వచ్చినవారెవ్వరు గాని నేటికిని అందుకొనలేదు.