పిల్లవాని తప్పు జవాబు

పెద్దలు చెప్పిన మాటను పసివాళ్ళు వేరొక విధంగా అర్థం చేసుకోవడం ప్రతి ఇంటిలోను కనబడేదే. ఇంటిలో అది నవ్వుకోవడానికి పనికివస్తుంది. బడిలో మాత్రం నవ్వుతో పోదు. అక్కడ అది మార్కులుగా మారుతుంది, "వీడికి రాదు" అనే ముద్రగా మారుతుంది. ఆ ముద్ర ఒకసారి పడిందంటే పిల్లవానిని ఏళ్ళ తరబడి వెన్నంటే ఉంటుంది. కనుక చిన్నవాడు తప్పు జవాబు చెప్పినప్పుడు అతనికి అర్థం కానిది ఏమిటి? విషయమా, మనం వాడిన మాటా, లేక మనం అడిగిన తీరా? ఈ సంగతిని శాస్త్రదృష్టితో పరిశీలించడం మొదలై నూట యాభై సంవత్సరాలు దాటింది. ఇంతకాలంలో పరిశోధకుల అభిప్రాయం ఒకచోట నిలవలేదు.

మొదట జరిగినది కేవలం లెక్క తీయడమే. 1869లో బెర్లిన్ నగరంలోని విద్యావేత్తల సంఘంవారు, కొత్తగా బడిలో చేరిన పిల్లలకు ఏ ఏ వస్తువులు తెలుసునో, ఏవి తెలియవో విచారించారు. దానిని చూసి అమెరికాలో గ్రాన్విల్ స్టాన్లీ హాల్ అనే మనశ్శాస్త్రజ్ఞుడు 1880లో బోస్టన్ నగరంలో అటువంటి పనే చేయించి, ఫలితాలను 1883లో ప్రకటించాడు. అనుభవం గల ఉపాధ్యాయినులు పిల్లలను కొద్దికొద్దిమందిగా కూర్చోబెట్టుకొని ప్రశ్నించారు. ఆ పట్నం పిల్లలలో నూటికి ఎనభైమందికి తేనెతుట్టె అంటే ఏమిటో తెలియదు. ఆవు కూడ కొందరికి తెలియదు. బొమ్మలోనే ఆవును చూసిన పిల్లలలో, అది బొమ్మలో ఉన్నంతే ఉంటుందనుకున్నవారున్నారు.

పెద్దలు ఎంత సులభంగా పొరబడతారో హాల్ ఈ పట్టికలతోనే చూపించాడు. బడిలో చదివించే పాఠాలు ఆవు, కోడి, పొలం మొదలైనవి పిల్లలకు తెలిసినవే అనుకొని వ్రాసినవి. తెలియనివాడు వాటిని చిలుకలాగా వల్లించేవాడు. అంతవరకు మంచిదే. కాని హాల్ వ్యాసంలో అసలు విలువైన భాగం ఆ అంకెలు కాదని నా అభిప్రాయం. ఆయన వినోదంగా చెప్పి వదిలివేసిన కొన్ని ముచ్చట్లున్నాయి. ఇంగ్లీషులో సీతాకోకచిలుకను 'బటర్‌ఫ్లై' అంటారు. 'బటర్' అంటే వెన్న. కనుక సీతాకోకచిలుక వెన్న చేస్తుందని, లేదా దానిని పిండితే వెన్న వస్తుందని కొందరు పిల్లలు చెప్పారట. మిడతను వాళ్ళు 'గ్రాస్‌హాపర్' అంటారు. 'గ్రాస్' అంటే గడ్డి కనుక మిడత గడ్డినిస్తుంది! మన పిల్లవాడు కందిరీగ కందిచేలో పుడుతుందనుకుంటే ఎంతో, ఇదీ అంతే. ఆ పిల్లలు మాటను విడదీశారు, తెలిసిన ముక్కను పట్టుకొన్నారు, దానినుండి తెలియని దానిని ఊహించారు. వైయాకరణులు చేసే పని ఇదే కదా! పిల్లవాని మనస్సు సగం నిండిన సంచివంటిది, ఏమి లేవో చూసి అవి వేస్తే సరిపోతుంది అనుకొన్న ఆ కాలానికి ఇందులోని విశేషం అందలేదు.

దానిని అందుకొన్నవాడు జీన్ పియాజె. ఈయన 1896లో స్విట్జర్లండులోని నూషటెల్ అనే ఊరిలో పుట్టాడు. చదివినది జంతుశాస్త్రం. నత్తలను గురించి పరిశోధన చేసి 1918లో డాక్టరేటు పొందాడు. తరువాత పారిస్ వెళ్ళి, ఇంగ్లండులో తయారైన ఒక బుద్ధిపరీక్షను ఫ్రెంచి పిల్లలకు సరిపడేట్లు దిద్దే పనికి కుదిరాడు. సరియైన జవాబులెన్నో లెక్కపెట్టడమే ఆ పని. ఆయనకు అది విసుగు పుట్టించింది. తప్పు జవాబులు మాత్రం ఆశ్చర్యం కలిగించాయి. ఒకే వయస్సు పిల్లలు ఒకేరకం తప్పులు చేస్తున్నారు. తెలియక ఏదో ఒకటి చెప్పేవాళ్ళయితే తలకొక రకంగా చెప్పాలి కదా? తప్పులలో క్రమం ఉన్నదంటే, ఆ తప్పుల వెనుక ఒక ఆలోచన ఉండి తీరాలి. 1921లో ఆయన జెనీవాలోని రూసో విద్యాసంస్థలో చేరాడు. 1923లో పిల్లల భాషను, ఆలోచనను గురించిన తన మొదటి గ్రంథాన్ని వెలువరించాడు.

ఆ గ్రంథంలో సామెతలతో చేసిన పరీక్ష ఒకటున్నది. తొమ్మిది మొదలు పదకొండేళ్ళవరకు వయస్సున్న పిల్లలకు కొన్ని సామెతలు, వాటితోపాటు కొన్ని మామూలు వాక్యాలు ఇచ్చి, ఏ సామెతకు ఏ వాక్యం సరిపోతుందో చెప్పమన్నారు. పిల్లి లేనప్పుడు ఎలుకలు ఆడుకుంటాయనే అర్థంగల సామెత అందులో ఒకటి. ఒక పిల్లవాడు దానికి, కొందరు ఊరికే ఆవేశపడతారు గాని ఏమీ చేయరు అనే వాక్యాన్ని జతచేశాడు. ఎందుకని అడిగితే తడుముకోలేదు. పిల్లులు కోళ్ళవెంట పరుగెత్తుతాయి, అలసిపోతాయి, నీడలో పడుకొని నిద్రపోతాయి, ఆవేశపడి చివరకు ఏమీ చేయలేని మనుషులు కూడ అంతే! అక్కడ విన్న పిల్లి, ఇక్కడ విన్న ఆవేశం కలిసి ఒక చిన్న కథ అయ్యాయి. ఆ కథలో లోపమేమీ లేదు. అడిగినదానికి సంబంధం లేకపోవడమే లోపం. ఇందులో గమనించవలసినది ఆ పిల్లవాని ధీమా. అర్థం కాలేదన్న సంగతి అతనికి తెలియదు. "అర్థమయిందా?" అని తరగతిని అడిగి, "అయింది" అనే ముక్తకంఠాన్ని విని తృప్తిపడే మనకు ఇది పనికివచ్చే సమాచారం.

మరొక పరీక్షలో ఆరు మొదలు ఎనిమిదేళ్ళ పిల్లలకు నీళ్ళ కొళాయి ఎలా పనిచేస్తుందో పెద్దవాళ్ళు బొమ్మతో వివరించేవారు. నియోబీ అనే గ్రీకు కథను కూడ చెప్పేవారు. విన్న పిల్లవాడు దానిని తన ఈడువానికి తిరిగి చెప్పాలి. పిల్లలు కథను "అప్పుడు ఆమె", "అప్పుడు వాడు" అంటూ చెప్పుకొనిపోయారు. ఎవరామె, ఎవడు వాడు అనేది వినేవానికి తెలియజేయాలన్న ఆలోచనే వారికి కలగలేదు. విన్నవాడు కూడ అడగలేదు. తనకు తోచినట్లు పూరించుకొని తృప్తిపడ్డాడు. పిల్లవాడు ఎదుటివాని స్థానంలో నిలబడి చూడలేడు, అతని ఆలోచనారీతే మనకంటే వేరు అని పియాజె నిర్ణయించాడు.

ఈ దారిలోనే 1941లో ఆయన, ఆలీనా షెమిన్‌స్కాతో కలిసి, సంఖ్యాజ్ఞానంపై చేసిన ప్రయోగాలను ప్రకటించాడు. రెండు వరుసలలో సమానంగా బిళ్ళలు పేర్చి, ఏ వరుసలో ఎక్కువ ఉన్నాయని అడుగుతారు. పిల్లవాడు సమానమే అంటాడు. అతడు చూస్తుండగానే ఒక వరుసలోని బిళ్ళలను ఎడంగా జరిపి మళ్ళీ అదే ప్రశ్న వేస్తారు. ఐదారేళ్ళలోపు పిల్లలలో అనేకులు పొడుగు వరుసలోనే ఎక్కువ ఉన్నాయంటారు. అమరిక మారినా లెక్క మారదన్న జ్ఞానం ఆ వయస్సులో ఉండదని దీనివల్ల తేలిందన్నారు. ఉపాధ్యాయ శిక్షణ పొందినవారందరు ఈ ప్రయోగాన్ని చదివే ఉంటారు. ఎవరైనా ఇంటిలో గవ్వలతోనో చింతపిక్కలతోనో చేసి చూడవచ్చు. ఫలితం చాలావరకు పియాజె చెప్పినట్లే వస్తుంది.

అయితే దానికి అర్థమేమిటి? 1974లో సూజన్ రోజ్, మేరియన్ బ్లాంక్ అనే ఇద్దరు ఒక చిన్న మార్పు చేశారు. మొదటిసారి అడగడం మానివేసి, బిళ్ళలు జరిపిన తరువాత ఒక్కసారి మాత్రమే అడిగారు. తప్పులు తగ్గాయి. కారణం ఊహించడం కష్టం కాదు. జవాబు చెప్పిన తరువాత పెద్దవాళ్ళు అదే ప్రశ్న మళ్ళీ వేశారంటే, మొదటి జవాబు తప్పయి ఉండాలి, లేదా ఈ మధ్య ఏదో మారి ఉండాలి. తరగతిలో మనం "ఏమిటీ? మళ్ళీ చెప్పు" అనగానే, సరిగా చెప్పిన పిల్లవాడు కూడ జవాబు మార్చివేయడం చూడనివారుండరు. పిల్లవాడు అంకెను మరచిపోలేదు, మన కంఠాన్ని చదివాడు.

అదే కాలంలో స్కాట్లండులో ఎడింబరో విశ్వవిద్యాలయానికి చెందిన మార్గరెట్ డొనాల్డ్‌సన్, జేమ్స్ మెక్‌గారిగిల్ చేసిన ప్రయోగం ఇంకా సరదాగా ఉంటుంది. వాళ్ళు నాలుగు మొదలు ఆరేళ్ళవరకు వయస్సున్న 80 మందిని తీసుకొన్నారు. బిళ్ళలను పెద్దమనిషి జరపడానికి బదులు, పెట్టెలోనుంచి ఒక తుంటరి ఎలుగుబొమ్మ బయటికి వచ్చి ఆటను చెడగొట్టి పోయినట్లు నటించారు. తరువాత ప్రశ్న మామూలే. పెద్దమనిషి జరిపినప్పుడు ఆ 80 మందిలో 13 మందే సరిగా చెప్పగా, ఎలుగుబొమ్మ జరిపినప్పుడు 50 మంది సరిగా చెప్పారు. పిల్లలు వాళ్ళే, బిళ్ళలు అవే. పెద్దమనిషి పని కట్టుకొని జరిపితే అందులో ఏదో ఉద్దేశం ఉన్నదని పిల్లవాడు అనుకొంటాడు. బొమ్మ చేసిన అల్లరికి ఉద్దేశమేముంటుంది? 1978లో వెలువడిన తన గ్రంథంలో డొనాల్డ్‌సన్ ఈ సంగతినే విపులంగా చర్చించింది. పసివాడు ముందు మనిషిని అర్థం చేసుకొంటాడు, అతడు ఏమి కోరుతున్నాడో గ్రహిస్తాడు, దానిని బట్టి మాటకు అర్థం కట్టుకొంటాడు. మాటను మాటగా విడిగా తీసి చూడడం తరువాత, చాలావరకు బడి చదువువల్ల, అలవడుతుంది.

అయితే పియాజె వాదం పూర్తిగా కూలిపోయిందని అనుకోరాదు. 1986లో మూర్, ఫ్రై అనే పరిశోధకులు ఎలుగుబొమ్మచేత బిళ్ళల లెక్కనే నిజంగా మార్పించారు. అప్పుడు కూడ పిల్లలు సమానమే అన్న సందర్భాలు కనబడ్డాయి. బొమ్మ అల్లరిలోపడి వాళ్ళు బిళ్ళలను సరిగా చూడలేదేమో! ఎడింబరోలో వచ్చిన 50లో కొంత భాగం తరుగు తీయవలసి ఉంటుంది.

1980లో మార్టిన్ హ్యూస్, రాబర్ట్ గ్రీవ్ ఐదేళ్ళ, ఏడేళ్ళ పిల్లలను అర్థం లేని ప్రశ్నలు అడిగారు. పాలు నీళ్ళకంటే పెద్దవా? ఎరుపు పసుపుకంటే బరువా? దాదాపు అందరూ జవాబు చెప్పారు. పాలకు రంగున్నది కనుక అవే పెద్దవి అనడం వంటి కారణాలు కూడ చూపారు. పెద్దమనిషి అడిగాడంటే ప్రశ్నకు అర్థం ఉండే ఉంటుందని వాళ్ళ నమ్మకం. 2000 ప్రాంతంలో ఇంగ్లండులో అమాండా వాటర్‌మన్, ఆమె సహచరులు దీనికి ఒక సవరణ చేర్చారు. అవును-కాదు అని చెప్పవలసిన ప్రశ్న వేస్తే పిల్లలు ఏదో ఒకటి అంటారు. అందులో చాలామంది "కాదు" అన్నది ఆ ప్రశ్నే సరికాదనే ఉద్దేశంతో. "పాదాలు పొద్దున ఏమి తింటాయి?" వంటి విడి ప్రశ్నకు తెలియదనే చెబుతారు. ప్రశ్నపత్రాలు తయారుచేసేవారు దీనిని కొంచెం మనస్సులో పెట్టుకోవచ్చు.

ఇక మన సైన్సు పాఠాలకు దగ్గరగా ఉన్న ఉదాహరణ భూమి ఆకారం. 1992లో స్టెల్లా వోస్నియాడు, విలియం బ్రూయర్ అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒకటి, మూడు, ఐదు తరగతుల పిల్లలు 60 మందిని ప్రశ్నించారు. భూమి గుండ్రంగా ఉన్నదని వారు విన్నవారే. "తిన్నగా చాలా రోజులు నడిస్తే ఎక్కడికి పోతావు? భూమికి అంచు ఉన్నదా?" అని లోతుకు దిగితే అసలు సంగతి బయటపడింది. గోళమనే భావం నిలకడగా ఉన్నవారు 23 మందే. 12 మందికి భూమి బోలు గోళం. మనమంతా దాని లోపల చదును నేలపై ఉంటాము, పైన ఆకాశం గుమ్మటంలాగ ఉంటుంది. మరి 8 మందికి భూములు రెండు. మనం నిలబడిన చదును నేల ఒకటి, పెద్దలు చెప్పే గుండ్రని 'భూమి' పైన ఆకాశంలో ఇంకొకటి. కాళ్ళక్రింద నేల చదునుగా కనబడుతున్నది, గురువుగారు గుండ్రమంటున్నారు, రెండూ అబద్ధం కాకూడదు. ఆ చిక్కును వాళ్ళు విప్పుకొన్న తీరు అది!

1996లో ఇదే బృందం, సమరపుంగవన్ అనే పరిశోధకురాలితో కలిసి, మన హైదరాబాదులో ఒకటవ, మూడవ తరగతుల పిల్లలపై చేసిన పరిశీలనను ప్రకటించింది. ఇక్కడి పిల్లలలో భూమి నీటిపై ఆని ఉన్నదని చెప్పినవారు కనబడ్డారు. మన పురాణకథలలో భూమి చుట్టూ, భూమి క్రింద నీరు ఉండనే ఉన్నది కదా. బడిలో విన్నది, ఇంటిలో విన్నది పిల్లవాడు ఒకే చిత్రంలో ఇమిడ్చాడు. తెలుగులో చెప్పేవారికి మరొక చిక్కు కూడ ఉన్నది. రూపాయి బిళ్ళ మనకు గుండ్రమే, అప్పడం గుండ్రమే, బంతీ గుండ్రమే. "భూమి గుండ్రంగా ఉన్నది" అన్న వాక్యాన్ని విని అప్పడాన్ని ఊహించుకొన్న పిల్లవాడు తెలుగు భాషకు ఏ అపచారమూ చేయలేదు. 'గోళం' అనే మాట ఉన్నది గాని, ఆ పాఠానికి ముందు అది అతని చెవిని పడినది కాదు.

ఈ పరిశోధనలను కూడ ప్రశ్నించినవారున్నారు. గావిన్ నోబ్స్, జార్జియా పనాగియోటాకి మొదలైనవారు ఇంగ్లండులో పిల్లలచేత బొమ్మలు గీయించడానికి బదులు, సిద్ధంగా ఉన్న బొమ్మలలో సరియైనదానిని ఎంచుకోమన్నారు. అప్పుడు సరియైన జవాబులు బాగా పెరిగాయి, బోలు గోళాలు చాలావరకు మాయమయ్యాయి. సరియైన బొమ్మను గుర్తుపట్టడం వేరు, దానితో ఆలోచించడం వేరు అని వోస్నియాడు పక్షంవారి సమాధానం. నాకు ఇందులో రెండు వైపులా న్యాయం కనబడుతున్నది. ఆ వాదం అలా ఉండగా నోబ్స్, పనాగియోటాకి ఇంకొక పని చేసి 2007లో ప్రకటించారు. పిల్లలను అడిగిన ఆ ప్రశ్నలనే, ఆ బొమ్మ గీసే పనినే పెద్దవాళ్ళకిచ్చారు. పెద్దవాళ్ళలో కూడ పలువురు చదును నేల గీశారు, పిల్లలు గీసినట్లే గీశారు. భూమి గోళమని వారికి తెలియక కాదు. "భూమిని చూడాలంటే ఎటు చూడాలి?" అంటే కాళ్ళక్రింది నేలను గురించి అడుగుతున్నారా, గ్రహాన్ని గురించి అడుగుతున్నారా? ప్రశ్నలు తికమకగా ఉన్నాయని ఆ పెద్దవాళ్ళు పరిశోధకులకు చెప్పారు. ఒకటవ తరగతి పిల్లలు ఆ మాట అనలేదు, జవాబు చెప్పారు.